చిన్న కమతం, లోతు బోరు

వ్యవసాయం వల్ల భూమి ఎంత వేడెక్కుతోంది అనే మాట వచ్చిన చోటల్లా రెండు వాదనలు ఎదురెదురుగా నిలబడతాయి. మనవన్నీ చిన్నచిన్న కమతాలు కాబట్టి కరెంటు, డీజిలు, ఎరువు దండగవుతున్నాయనీ, భూములు కలిపి పెద్ద కమతాలు చేస్తే ఉద్గారాలు వాటంతటవే తగ్గుతాయనీ ఒక వాదన. చిన్న రైతు ప్రకృతితో కలిసి బతుకుతాడనీ, పాపమంతా భారీ యంత్రాల కంపెనీ సేద్యానిదేననీ ఇంకో వాదన. మొదటిది సెమినార్లలో ఎక్కువ వినిపిస్తుంది, రెండోది సభల్లో. తెలంగాణలో బోరు కింద వేసిన ఒక ఎకరం యాసంగి వరిని పట్టుకుని కాగితం మీద లెక్క కడితే, రెండూ సగం సగమే నిలబడతాయి.

ముందు కమతాల సంగతి చూద్దాం. 1970-71 వ్యవసాయ గణనలో దేశంలో సగటు కమతం 2.28 హెక్టార్లు. 2015-16 గణన నాటికి అది 1.08కి పడిపోయింది. తెలంగాణలో సగటు సరిగ్గా ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు. పంజాబ్‌లో మాత్రం 3.62. తెలంగాణలోని 59 లక్షల పైచిలుకు కమతాల్లో దాదాపు 88 శాతం ఐదెకరాల లోపువే. ఈ లెక్కల్లో కౌలు సరిగా ఎక్కదన్నది ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. పాసుపుస్తకంలో రెండెకరాలున్న మనిషి ఇంకో నాలుగెకరాలు నోటిమాట మీద కౌలుకు చేస్తుంటాడు. పదెకరాల ఆసామి హైదరాబాద్‌లో ఉంటాడు. కాబట్టి ‘కమతం సైజు’ అనే అంకెను మరీ గట్టిగా నమ్మడానికి లేదు.

ఇక ఉద్గారాల సంగతి. భారతదేశం ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన లెక్కల ప్రకారం 2020లో దేశం వదిలిన మొత్తం గ్రీన్‌హౌస్ వాయువుల్లో వ్యవసాయం వాటా సుమారు 14 శాతం. ఈ అంకెను పత్రికలు తరచూ వాడతాయి. అందులో ఏముందో, ఏం లేదో మాత్రం చెప్పవు. పశువుల నెమరు వల్ల వచ్చే మీథేన్, పేడ, వరి మళ్ల మీథేన్, నేలకు వేసిన నత్రజని నుంచి లేచే నైట్రస్ ఆక్సైడ్, పొలంలో తగలబెట్టే గడ్డి, ఇవీ అందులో ఉన్నవి. బోరు మోటారు తాగే కరెంటు అందులో లేదు. అది విద్యుత్ రంగం ఖాతాలోకి పోతుంది. ట్రాక్టరు డీజిలు ఇంధనాల ఖాతాలోకి పోతుంది. యూరియా తయారుచేసే ఫ్యాక్టరీ పొగ పరిశ్రమల పేరు మీద, ఇంధనం పేరు మీద పడుతుంది. లెక్క ఇలా కట్టడంలో తప్పు లేదు, ఒకే పొగను రెండుసార్లు లెక్కపెట్టకూడదు కదా. అయితే రైతు పొలం గట్టు మీద నిలబడి చూస్తే ఈ ఖాతాలేవీ విడివిడిగా కనపడవు. దేశం మొత్తం కరెంటులో దాదాపు ఆరో వంతు వ్యవసాయానికే పోతోంది. తెలంగాణలో ఆ వాటా ఇంకా ఎక్కువ.

ఇప్పుడు ఆ ఎకరం దగ్గరికి వద్దాం. జనగామ, సిద్దిపేట, నల్లగొండ వైపు కనిపించే మామూలు ఎకరం: చెల్క నేల, కింద రాయి, ఐదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు. మోటారు నడుస్తున్నప్పుడు నీళ్లు 60 మీటర్ల కింది నుంచి, అంటే దాదాపు రెండొందల అడుగుల నుంచి పైకి వస్తున్నాయనుకుందాం. బోరు లోతు వేరు, నీటి మట్టం వేరు. బోరు నాలుగొందల అడుగులు వేసినా నీళ్లు నూట యాభైలో ఉండొచ్చు. కరెంటు బిల్లును తేల్చేది నీటి మట్టమే.

ఒక ఘనపు మీటరు నీటిని, అంటే వెయ్యి లీటర్లను, ఒక మీటరు పైకి ఎత్తడానికి భౌతికశాస్త్రం ప్రకారం 2.725 వాట్ అవర్లు కావాలి. దీన్ని ఎవరూ తగ్గించలేరు. యూనిట్ అంటే వెయ్యి వాట్ అవర్లు కాబట్టి 60 మీటర్లకు 0.16 యూనిట్. మోటారు, పంపు, పైపు అన్నీ కలిపి సామర్థ్యం 35 శాతం అనుకుంటే (మన పొలాల్లో అది దొరికితే బాగానే ఉన్నట్టు) వెయ్యి లీటర్లకు 0.47 యూనిట్లు పడతాయి. యాసంగి వరికి పంట కాలమంతా కలిపి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పెట్టామంటే ఎకరాకు 4,850 ఘనపు మీటర్లు. గుణిస్తే సుమారు 2,270 యూనిట్లు. మన గ్రిడ్‌లో బొగ్గే ఎక్కువ కాబట్టి యూనిట్‌కు 0.7 కిలోల కంటే కొంచెం ఎక్కువే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 0.72 అని వేసుకుంటే ఎకరాకు 1,630 కిలోలు, ఒక్క నీళ్ల కోసం.

తర్వాత మీథేన్. మడిలో నీళ్లు నిలిచి ఉంటే మట్టికి గాలి అందదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు వేర్లు, మొదళ్లు, పచ్చిపేడ లాంటి సేంద్రియ పదార్థాన్ని తిని మీథేన్ వదులుతాయి. అది ఎక్కువగా వరి మొక్క కాడలోని సన్నటి గొట్టాల గుండానే పైకి లేస్తుంది. వాతావరణ మార్పులపై పనిచేసే అంతర్ ప్రభుత్వ సంఘం, అంటే ఐపీసీసీ, 2019లో సవరించిన మార్గదర్శకాల్లో దక్షిణాసియాకు ఇచ్చిన సగటు రోజుకు హెక్టారుకు 0.85 కిలో. 110 రోజులకు ఎకరాకు 38 కిలోలు. నూరేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లు వేడెక్కిస్తుంది కాబట్టి అది 1,020 కిలోలతో సమానం.

యూరియా ఎకరాకు రెండున్నర బస్తాలు అనుకుందాం. 45 కిలోల బస్తా, 266 రూపాయల 50 పైసలు. ఈ ధర వల్లనే మూడో బస్తా కూడా పడుతుంది గానీ ఆ సంగతి వేరు. మన దేశంలో తయారయ్యే యూరియాలో ఉన్న కర్బనం దాదాపు అంతా సహజవాయువు నుంచి వచ్చిందే. రామగుండంలో పాత బొగ్గు ఆధారిత ఫ్యాక్టరీ 1999లో మూతబడ్డాక, 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన కొత్త ఫ్యాక్టరీ నడిచేది కాకినాడ వైపు నుంచి పైపులో వచ్చే గ్యాస్ మీదే. ఆ గ్యాస్‌లోని కర్బనంలో కొంత ఫ్యాక్టరీ గొట్టం నుంచి, మిగతాది బస్తా విప్పి చల్లాక పొలం నుంచి గాలిలో కలుస్తుంది. రెండూ కలిపి ఈ రెండున్నర బస్తాలకు దాదాపు 160 కిలోలు. దీనికి తోడు నైట్రస్ ఆక్సైడ్. నీళ్లు నిలిచిన మడిలో ఇది తక్కువే పుడుతుంది, సుమారు 90 కిలోలకు సమానం. దుక్కికి, కేజ్‌వీల్స్‌తో దమ్ముకి, వరికోత మిషన్‌కి కలిపి పాతిక లీటర్ల డీజిలు అనుకుంటే ఇంకో 70 కిలోలు.

అన్నీ కూడితే ఎకరాకు మూడు టన్నులకు కొద్దిగా తక్కువ. పాతిక క్వింటాళ్లు పండితే క్వింటాలు వడ్లకు సుమారు 120 కిలోలు. సగానికి పైగా మోటారు దగ్గరే ఉంది. జనం కంటికి ముందు ఆనేది ట్రాక్టరు పొగ. మొత్తంలో దాని వాటా మూడు శాతం కూడా లేదు.

ఇదే వరి కోనసీమలో దాళ్వా కింద వేస్తే? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి అక్కడ నీళ్లు పల్లానికి వాటంతటవే పారుతున్నాయి. మోటారు ఖర్చు సున్నా. మీథేన్ మాత్రం అంతే, నిజానికి నేల బరువైనది, నీళ్లు ఇంకవు కాబట్టి ఇంకాస్త ఎక్కువే ఉండొచ్చు. ఎకరాకు 1,340 కిలోల దగ్గర తేలుతుంది. 75 కిలోల బస్తాలు నలభై దిగితే క్వింటాలుకు 45 కిలోలు. రెండు చోట్లా రైతు కమతం రెండున్నర ఎకరాలే. రెండు చోట్లా అదే విత్తనం, అదే యూరియా, అదే కోత మిషన్. తేడా రెండున్నర రెట్లు.

పైన వేసిన లెక్కలో ఎక్కడా కమతం సైజు అనే అంకె రాలేదని గమనించండి. నీటి లోతు వచ్చింది, పంట వచ్చింది, బస్తాలు వచ్చాయి. ఎకరం అనేది పది ఎకరాల్లో ఒకటైనా, ఒంటరిగా ఉన్నా మీథేన్ పుట్టించే సూక్ష్మజీవికి తెలియదు. అందుకే ‘చిన్న కమతం కాబట్టి ఎక్కువ ఉద్గారాలు’ అనే మాట నేరుగా నిలబడదు. కానీ సైజు దొడ్డిదారిన వస్తుంది. ఆ దారి బోరు.

నాలుగెకరాలు, ఒక బోరు ఉన్న తండ్రి అనుకుందాం. ఇంచున్నర నీళ్లు పోస్తుంది, రెండెకరాల వరి పారుతుంది, మిగతాది పత్తి. నలుగురు కొడుకులు పంచుకున్నారు, మనిషికి ఎకరం. భూమి నాలుగు ముక్కలవుతుంది, బోరు కాదు. మొదట్లో వంతులు పెట్టుకుంటారు. రెండేళ్లకు మాటామాటా వస్తుంది. పెద్దోడి వంతు రోజే కరెంటు బాగుంది, చిన్నోడి వంతు నాడు ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. అప్పుడు కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని తిరిగే ఆయన్ను పిలుస్తారు, ఆయన పాయింట్ చూపిస్తాడు, బోరు బండి వస్తుంది. మొదటిది వేస్తే దుమ్మే లేస్తుంది. రెండోది మూడొందల అడుగుల్లో పడుతుంది. ఒకరికి పడితే మిగతా ఇద్దరూ ఆగరు.

ఒక ఎకరాన్ని నలుచదరంగా గీస్తే ఒక్కో వైపు 64 మీటర్లు. అంటే నాలుగు బోర్లూ అరవై డెబ్బై మీటర్ల దూరంలో ఉంటాయి. కింద ఉన్నది గ్రానైట్. ఇసుక నేలల్లోలా నీళ్లు అంతటా పరుచుకుని ఉండవు. పైన కుళ్లిన రాతి పొరలో కొన్ని, లోపల పగుళ్లలో కొన్ని ఉంటాయి. నలుగురూ ఒకే పగులులోంచి తోడుతుంటారు. ఒకరి మోటారు ఆన్ అయితే పక్కోడి బోరులో మట్టం దిగుతుంది. ఎవరి బోరు లోతుగా ఉంటే వాడికి నీళ్లు. మిగతావాళ్లు పైపులు దించుతారు, ఎక్కువ హెచ్‌పీ మోటారు పెడతారు. చివరికి నాలుగు మోటార్లూ కలిపి తోడే నీళ్లు అప్పట్లో ఒక్క మోటారు తోడినదానికంటే అంత ఎక్కువేమీ ఉండవు. తోడే లోతు మాత్రం 60 నుంచి 120 మీటర్లకు చేరుతుంది. లోతు రెట్టింపైతే యూనిట్లూ రెట్టింపే: ఎకరాకు 4,540 యూనిట్లు, 3,270 కిలోలు. భూమి ముక్కలవడానికీ, కర్బనానికీ ఉన్న అసలు లంకె ఇదీ. దుక్కిలోనో, ట్రాక్టరు మలుపుల్లోనో వెతికితే అది దొరకదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బోరు వేయాలంటే అనుమతి కావాలంటుంది. కాగితం మీద అది ఇప్పటికీ ఉంది. 2014లో తెలంగాణలో 19 లక్షల చిల్లర ఉన్న వ్యవసాయ కనెక్షన్లు పదేళ్లు తిరక్కుండానే 27 లక్షలు దాటాయి. ఎకరాలు ఆ దామాషాలో పుట్టుకురాలేదు.

ఇందులో ఉచిత కరెంటు పాత్ర గురించి మాట్లాడితే కొట్లాటే అవుతుంది. అయినా దాటెయ్యలేం. 2004 మే నెలలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా చేసిన తొలి సంతకంతో మొదలైంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలు. అప్పుల్లో మునిగి, కాలిపోయిన మోటార్లు రిపేరుకు మోసుకుని తిరిగే రైతుకు అది నిజంగా ఊపిరి. పట్నంలో ఏసీ గదుల్లో కూర్చుని దాన్ని దుబారా అనడం తేలిక. కాలువ కింది రైతుకు ప్రభుత్వం నామమాత్రపు నీటి తీరువాకే నీళ్లిస్తూ వచ్చినప్పుడు, బోరు రైతు సొంత ఖర్చుతో బోరు వేసుకుని కరెంటుకు కూడా డబ్బు కట్టాలనడంలో న్యాయం ఎక్కడుంది అనే ప్రశ్నకు అప్పుడూ జవాబు లేదు, ఇప్పుడూ లేదు.

అయితే ఈ రాయితీ ఎవరికి ఎంత చేరుతోంది అన్నది వేరే ప్రశ్న. మూడు బోర్లు, ఏడున్నర హెచ్‌పీ మోటార్లు ఉన్న రైతుకు ఎక్కువ, ఒక్క బోరున్న వాడికి తక్కువ, వానల మీద కందులు, జొన్నలు పండించే మెట్ట రైతుకు సున్నా. చిన్న రైతు పేరు చెప్పి నడిచే పథకంలో బోరు పడని చిన్న రైతుకు ఒక్క పైసా రాదు. పైగా మోటార్లకు మీటర్లు లేవు. వ్యవసాయానికి ఎంత కరెంటు పోతోంది అనే అంకె చాలావరకు ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర కొన్ని నమూనాలు తీసి కట్టిన అంచనా. దీనివల్ల వచ్చే చిక్కు డబ్బుకు మించినది: పొదుపు చేసినవాడు ఎవరో తేలదు.

స్టార్టర్ డబ్బా పక్కనే బిగించే ఆటో స్టార్టర్ చూస్తే ఈ కథ అర్థమవుతుంది. కరెంటు రాత్రి ఎప్పుడో రెండు గంటలకు వచ్చే రోజుల్లో పాముల మధ్య, తడి చేతులతో పొలానికి పోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. ఆ భయంతో పెట్టుకున్న పరికరం అది. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. 24 గంటల కరెంటు వచ్చాక దాని అవసరం తీరింది, అలవాటు మాత్రం పోలేదు. మడి నిండి, గట్టు తెగి, పక్క మడిలోకి పోతున్నా మోటారు ఆగదు. ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం ఊరూరా ప్రచారం చేసింది ఇందుకే. కొందరు తీశారు.

మిగతా సంగతులు ఇంత పెద్దవి కావు గానీ, చిన్న కమతానికి అనుకూలంగా కొన్ని, వ్యతిరేకంగా కొన్ని ఉన్నాయి. ట్రాక్టరు, కోత మిషన్ అద్దెకు దొరుకుతున్నాయి కాబట్టి యంత్రాల విషయంలో చిన్నా పెద్దా తేడా బాగా తగ్గిపోయింది. అరెకరం మడిలో మిషన్ మలుపులు తిరగడానికి కొంత డీజిలు దండగవుతుంది, అంతే. గడ్డి విషయంలో చిన్న రైతే నయం: ఇంట్లో ఒక బర్రె ఉంటే గడ్డివాము వేసుకుంటాడు. పశువుల్లేని పెద్ద రైతు మిషన్ కోసిన చోట అగ్గిపుల్ల గీస్తాడు. పంజాబ్‌లో కమతాలు మనకంటే మూడున్నర రెట్లు పెద్దవి, అక్కడి గడ్డి మంటల పొగ ఢిల్లీ దాకా పోతుంది. కానీ ఆ బర్రెనే తీసుకుంటే మళ్లీ లెక్క తిరగబడుతుంది. దేశంలో వ్యవసాయ ఉద్గారాల్లో సగానికి పైగా పశువుల నెమరు నుంచే వస్తున్నాయి. పశువులు ఎక్కువగా ఉన్నది చిన్న, సన్నకారు రైతుల దగ్గరే. రోజుకు మూడు లీటర్లిచ్చే బర్రె లీటరు పాలకు వదిలే మీథేన్, పది లీటర్లిచ్చేదాని కంటే చాలా ఎక్కువ. అయితే అది తినేది మనిషి తినలేని వరిగడ్డి, గట్టు మీది పచ్చిక. దానికోసం ఏ అడవినీ నరికి సోయా వేయలేదు. ఈ తేడాను టన్నుల లెక్క పట్టించుకోదు.

అర్థశాస్త్రంలో ఇది పాత తగాదానే. 1962లో అమర్త్య సేన్ ఒక వ్యాసంలో, 1950ల నాటి ఫార్మ్ మేనేజ్‌మెంట్ సర్వేల ఆధారంగా, మన దేశంలో కమతం చిన్నదయ్యేకొద్దీ ఎకరా దిగుబడి పెరుగుతోందని చూపించి, దానికి కారణాలు వెతికాడు. ఇంటిల్లిపాదీ పొలంలో పనిచేయడం అందులో ముఖ్యమైనది. కూలి లెక్క కట్టుకోని శ్రమ అది. హరిత విప్లవం, ట్రాక్టర్లు వచ్చాక ఆ సంబంధం సడలుతూ వచ్చింది. మెట్ట పంటల మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 1975 నుంచి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, డోకూరు లాంటి ఊళ్లలో ఏళ్ల తరబడి ఇంటింటి లెక్కలు రాసుకుంటూ వచ్చారు. ఆ సమాచారం మీద ఫోస్టర్, రోసెన్‌జ్వైగ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన పనిలో తేలింది ఏమంటే, మరీ చిన్న కమతాల దగ్గర ఉత్పాదకత ఎక్కువ, మధ్యలో పడిపోతుంది, పెద్ద యంత్రాలు దిగే సైజుకు చేరాక మళ్లీ లేస్తుంది. మన ఐదు, పది ఎకరాల రైతు ఆ గుంటలోనే ఉన్నాడు: ఇంటి శ్రమ సరిపోదు, పెద్ద యంత్రం గిట్టదు.

ఉద్గారాల లెక్కకు ఇది ఎందుకు కావాలంటే, ఎకరాకు కొలుస్తామా, క్వింటాలుకు కొలుస్తామా అన్నదాన్ని బట్టి తీర్పు మారిపోతుంది. ఏటా రెండు పంటలు తీసే చిన్న రైతు ఎకరాకు చూస్తే దోషి, క్వింటాలుకు చూస్తే కాకపోవచ్చు. ఒక పంట కాలం భూమిని బీడుగా వదిలేసిన పెద్ద ఆసామి ఎకరాకు చూస్తే పచ్చగా కనిపిస్తాడు. ఏ నివేదిక చదివినా ముందు ఆ ఒక్క మాట వెతకాలి: దేనికి భాగించారు?

కాలువ నీళ్లిస్తే బోర్ల గొడవే ఉండదు కదా అంటారు. గోదావరి డెల్టాలో అయితే నిజమే. ఎత్తిపోతలలో కాదు. కాళేశ్వరం ప్రణాళికలో మేడిగడ్డ దగ్గర 100 మీటర్ల మట్టంలో ఉన్న నీళ్లు చివరి మెట్టు కొండపోచమ్మ సాగర్‌లో 618 మీటర్లకు ఎక్కాలి. 518 మీటర్ల ఎత్తంటే వెయ్యి లీటర్లకు సిద్ధాంతం ప్రకారమే 1.4 యూనిట్లు. భారీ పంపుల సామర్థ్యం 80 శాతం అనుకున్నా 1.75 దాటుతుంది. మన బోరు రైతు 0.47తో తోడుకున్న నీళ్లకు ఇది దాదాపు నాలుగింతలు. ఆ చివరి జలాశయం దాకా ఎక్కిన నీటికే ఈ లెక్క, మధ్యలో దించుకున్నదానికి తక్కువ పడుతుంది. చెరువులు నిండితే చుట్టుపక్కల బోర్లలో మట్టం పైకొచ్చి అక్కడ కొంత కరెంటు మిగులుతుందన్నదీ నిజమే. అయినా బొగ్గు గ్రిడ్ మీద నీళ్లను కొండెక్కించి, ఆ నీళ్లతో నిలవనీటి వరి పండించడం అన్నది కర్బన లెక్కలో ఎటునుంచి చూసినా ఖరీదైన పనే. అవే నీళ్లు మొక్కజొన్నకో, పల్లికో పెడితే ఎకరా బదులు రెండున్నర ఎకరాలు పారుతుంది, మీథేన్ ఉండదు. రైతుకు ఇది తెలియక కాదు. వడ్లకు కొనుగోలు కేంద్రం ఉంది, మద్దతు ధర ఉంది, సన్నాలకు తెలంగాణలో 2024 వానాకాలం నుంచి క్వింటాలుకు 500 రూపాయల బోనస్ కూడా ఉంది. నువ్వులు పండిస్తే కొనేవాడిని వెతుక్కోవాలి. కోతులు, పందుల సంగతి సరేసరి.

అందుకే భూములు కలపాలా వద్దా అనే చర్చ నాకు పక్కదారి అనిపిస్తుంది. కలపాల్సింది నీళ్లు. ఇది ఊహ కాదు, చేసి చూపించినవాళ్లు ఉన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కొన్ని ఊళ్లలో స్వచ్ఛంద సంస్థల సాయంతో బోర్లున్న రైతులు, లేని రైతులు కలిసి ఒప్పందం రాసుకున్నారు. బోర్లన్నిటినీ ఒకే పైపులైనుకు కలిపారు. కొత్త బోర్లు వేయమని మాటిచ్చుకున్నారు. బోరున్నవాడు వరి తగ్గించుకోవాలి. బదులుగా బోరు లేనివాడి వేరుశనగ ఎండుముఖం పట్టినప్పుడు ఒకటి రెండు తడులు ఇవ్వాలి. బోరున్నవాడికి ఏమిటి లాభం? పక్కన కొత్త బోరు పడదు, తన బోరు ఎండదు. భూమి ఎవరిది వాళ్ల దగ్గరే ఉంది, గట్లు కదల్లేదు.

2000 దశకంలో ఏపీఫామ్స్ పేరుతో ఏడు కరువు జిల్లాల్లో నడిచిన ప్రాజెక్టులో రైతులే తమ బోర్లలో నీటి మట్టం కొలిచి, వాననీళ్ల లెక్క రాసి, రబీకి ముందు ఊరంతా కూర్చుని ‘ఈసారి ఇన్ని నీళ్లున్నాయి, వరి ఎంత వేద్దాం’ అని తేల్చుకునేవారు. ఎవరూ నిషేధం పెట్టలేదు, జరిమానా లేదు. అంకెలు గోడ మీద రాసి ఉంటే కొంతమంది తమంతట తామే వరి తగ్గించారు. ప్రాజెక్టు డబ్బు ఆగాక చాలాచోట్ల కొలవడం ఆగింది. అది దాని బలహీనత.

డబ్బుతో ముడిపెట్టిన దారులూ ఉన్నాయి. పంజాబ్ 2018లో ‘పానీ బచావో, పైసా కమావో’ అని మొదలుపెట్టింది. కనెక్షన్‌కు ఇన్ని యూనిట్లని కట్టి, అందులో మిగిల్చిన ప్రతి యూనిట్‌కు నాలుగు రూపాయలు రైతు ఖాతాలో వేసే పథకం అది. గుజరాత్ ఖేడా జిల్లా ధుండిలో 2016లో సోలార్ పంపుల రైతులు సహకార సంఘం పెట్టి, మిగిలిన కరెంటును గ్రిడ్‌కు అమ్మారు. అమ్మకం లేని సోలార్ పంపు ఒకరకంగా ఉచిత కరెంటే. ఎండ ఉన్నంతసేపు తోడొచ్చు, పొగ రాదు గానీ భూగర్భ జలం మిగలదు. 2019లో వచ్చిన కేంద్ర పథకం పీఎం కుసుమ్ కింద పంపులు ఇచ్చేటప్పుడు, మిగులు కరెంటును గ్రిడ్‌కు అమ్ముకునే ఈ ఒక్క షరతు విడిచిపెడితే కర్బనం తగ్గి కరువు పెరుగుతుంది. ఈ రెండు దారులకీ మీటరు కావాలి. మన దగ్గర మీటరు అనే మాటకు ఉన్న రాజకీయం అందరికీ తెలుసు. బిల్లు వేయడానికి పెట్టే మీటరు వేరు, డబ్బు ఇవ్వడానికి పెట్టే మీటరు వేరు అని రైతును నమ్మించగలిగిన ప్రభుత్వం ఇంకా రాలేదు.

మీథేన్ దగ్గర కూడా నలుగురూ కలవాల్సిన ఇదే సమస్య ఇంకో రూపంలో ఉంది. మడిని మధ్యమధ్యలో ఆరబెట్టి మళ్లీ తడి ఇస్తే, ఐపీసీసీ లెక్కల ప్రకారమే మీథేన్ 45 శాతం దాకా తగ్గుతుంది. నైట్రస్ ఆక్సైడ్ కాస్త పెరుగుతుంది గానీ అంతా కలిపి చూస్తే లాభమే. చిల్లులు పెట్టిన పైపు ముక్కను మడిలో పాతి, లోపల నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు దిగాక మళ్లీ పెట్టడం, ఇంతే పని. బోరు రైతు దీన్ని రేపటి నుంచే చేయొచ్చు, మోటారు అతని చేతిలో ఉంది. మిగిలిన నీళ్లతో ఇంకో అరెకరం వరి వేస్తే మిగులంతా పోతుందనుకోండి. డెల్టా రైతు చేయలేడు. అక్కడ నీళ్లు మడి నుంచి మడికి పారతాయి. మధ్య మడివాడు ఆరబెడతానంటే కింది మడివాడు ఒప్పుకోడు. పిల్లకాలువ కింద ఉన్నవాళ్లంతా వంతుల వారీ నీటికి ఒప్పుకుంటేనే అది సాధ్యం. కమతం చిన్నదవడం అక్కడ అడ్డొచ్చేది ఇలా.

డెల్టాలో అలా కలిసి ఒప్పుకోవాల్సిన గుంపు పిల్లకాలువ కింద ఉంటే, తెలంగాణ మెట్టల్లో ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఐదు హెచ్‌పీ మోటార్లు నాలుగో ఐదో ఉంటాయి. ఆ నలుగురైదుగురు రైతులు ఇప్పటికే ఒక జట్టు. ట్రాన్స్‌ఫార్మర్ కాలినప్పుడు తలా ఇంత చందా వేసుకుని ట్రాక్టర్ మాట్లాడి మండల కేంద్రానికి పంపేది వాళ్లే. పంట ఎండకముందే అది తిరిగొచ్చేలా వెంటబడేదీ వాళ్లే. ఒక్కో మోటారుకు మీటరు వద్దనుకుంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒకటి పెట్టి, మిగిల్చిన యూనిట్ల డబ్బును ఆ జట్టుకే ఇవ్వొచ్చు. ఎలా పంచుకోవాలో వాళ్లు తేల్చుకుంటారు. ఎవరి మోటారు పొద్దంతా ఊరికే తిరుగుతోందో విద్యుత్ శాఖ కంటే వాళ్లకే బాగా తెలుసు.